పంటు దాటితే నరసాపురం

దిండిలో తెల్లారడానికి తొందరేమీ ఉండదు. హౌస్‌బోటు కిటికీ తెరిస్తే వశిష్ఠ గోదావరి మీద మంచు, మంచు పైన కొబ్బరి తలలు, ఎక్కడో వల విసిరిన చప్పుడు. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఆ మంచు విడిపోయి చించినాడ వంతెన తేలుతుంది. పడవలో రెండు రాత్రులు ఉండేవాళ్లు నడుమ పగలంతా నీళ్ల మీదే గడపక్కర్లేదు. ఏటి వెంట దిగువకు వెళ్తే సఖినేటిపల్లి, దానికెదురుగా అవతలి ఒడ్డున నరసాపురం. ఒక పూట ఆ ఊళ్లో తిరిగి, సాయంత్రం అంతర్వేది చూసుకుని, చీకటి పడేసరికి మళ్లీ పడవ ఎక్కేయొచ్చు.

దిండి నుంచి రోడ్డు తోటల్లోంచే వెళుతుంది. పక్కన కొబ్బరికాయల రాశులు, వాటి ముందు నేలలో పాతిన గునపాలకు కాయ గుచ్చి పీచు ఒలిచే మనుషులు. కాయ కాయకీ మూడు నాలుగు విసుర్లు, అంతే. చూసేవాళ్లకు అది ఎంత తేలికో! చేతిలోకి తీసుకుని ఒక్క కాయ ఒలిచి చూస్తే తెలుస్తుంది. ఈ తోటలను 1996 నవంబరు 6 రాత్రి తుపాను నేలమట్టం చేసింది. చెట్టు పోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ రాత్రిని కోనసీమ పెద్దవాళ్లు ఇంకా తారీఖుతో సహా చెబుతారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. వశిష్ఠకు, వైనతేయకు, సముద్రానికి మధ్య చిక్కుకున్నదే రాజోలు దీవి. దీవి అన్నది మాటవరసకు కాదు. వంతెనలు రాకముందు ఇక్కడ పెళ్లికైనా, వైద్యానికైనా, కోర్టు వాయిదాకైనా ప్రయాణం రేవులోనే మొదలయ్యేది. చివరికి కాలువ నీళ్లు కూడా ఏరు దాటి రావాల్సి వచ్చింది. వాటి కోసం 1850ల్లో గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 తోరణాల అక్విడక్టు కట్టారు. తర్వాత కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో దారిన పోయేవాళ్లకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఏర్లు దాటుకుంటూ ఆకలితో వచ్చేవాళ్లున్న సీమలో ఆ పేరుకన్నా తగిన పేరు ఏముంటుంది!

సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ పంటే దిక్కు. బల్లపరుపు పడవ మీదకి మోటారు సైకిళ్లు, ఆటోలు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు ఒకేసారి ఎక్కేస్తారు. కొత్తవాళ్లు ఫొటోలు తీసుకుంటూ ఉంటే పాతవాళ్లు బండి సీటు మీదే కూర్చుని పేపరు చదువుకుంటారు. నాలుగు మాటలు పూర్తయ్యేసరికి అవతలి ఒడ్డు.

నరసాపురంలో వలంధర రేవు అని ఒకటుంది. ఒకప్పుడు ఇక్కడ వ్యాపారం చేసిన డచ్చివాళ్ల మీదుగా, హాలెండు పేరే నలిగి వలంధర అయిందని చెబుతారు. పక్కనే ఉన్న మాధవాయపాలెంలోనూ విదేశీ వర్తకులు ఉండేవారు. అక్కడి నుంచి ఓడలెక్కిన నూలు గుడ్డ యూరపులో ‘మడపోలం’ అనే పేరుతో చలామణీ అయింది. ఆ మాట అక్కడి నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. ఊరిలో ఎంతమందికి గుర్తుందో గానీ!

గుడ్డ పోయినా లేసు మిగిలింది. నరసాపురం చుట్టూ పల్లెల్లో మధ్యాహ్నం పూట అరుగు మీద కొక్కెం సూదితో అల్లుతూ కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. కబుర్లు ఆగవు, చేతులూ ఆగవు. జర్మనీకి చెందిన మారియా మీస్ వీళ్ల మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. రోజంతా అల్లినా వీళ్లను గృహిణులనే లెక్క కట్టడంతో కూలి కూలిగా దక్కడం లేదన్నది ఆవిడ చెప్పిన సంగతి. బజారులో టేబుల్ గుడ్డ బేరమాడేటప్పుడు అది గుర్తుంటే మంచిది.

ఊళ్లో రైల్వేస్టేషన్ ఉంది. పట్టాలు ఇక్కడితో ఆగిపోతాయి. కోటిపల్లి నుంచి నరసాపురానికి మూడు పాయలూ దాటించి కోనసీమ మీదుగా రైలు తేవాలన్న పథకానికి రెండు దశాబ్దాలు దాటాయి. సఖినేటిపల్లివాళ్లు వంతెన అడగడం అంతకన్నా పాతది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. సఖినేటిపల్లివాళ్ల కాగితాలన్నీ అమలాపురం వెళతాయి, బజారు పనులు మాత్రం ఏటికి ఇవతల నరసాపురంలోనే. వరద పోటెత్తితే పంటు ఆపేస్తారు. అప్పుడు దిండి వెళ్లి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా చుట్టు తిరగాలి. సెలవు మీద వచ్చినవాళ్లకు అదో షికారు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని కూర్చోబెట్టుకున్నవాళ్లకు కాదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్లీ పంటు ఎక్కి ఇవతలికొస్తే అంతర్వేదికి ఆటోలుంటాయి. లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో. ఆ నాలుగు రోజులూ జనం ఇసుకేస్తే రాలరు, మిగతా రోజుల్లో తీరిగ్గా దర్శనం చేసుకోవచ్చు. 2020 సెప్టెంబరులో ఇక్కడి రథం కాలిపోయింది. కొత్త రథం చేయించి 2021 ఉత్సవాలకే లాగారు. గుడి దాటి లైట్‌హౌస్ మీదుగా అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిస్తే వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. నీళ్ల రంగు ఎక్కడ మారుతుందో వెతుకుతూ పిల్లలు అక్కడ ఎంతసేపైనా ఉంటారు. తొందరపెట్టకపోవడం మంచిది.

దిండి చేరేసరికి పడవ వంటగదిలో చేపల పులుసు మరుగుతూ ఉంటుంది. పొద్దున ధవళేశ్వరం వైపు చూసిన పడవ ముక్కు ఇప్పుడు సముద్రం వైపు తిరిగి ఉంది. పోటు మొదలైంది.