గాజుతలుపున కావల

పురిటింటి సంగతులు పత్రికల కెక్కదగినవి కావని మా యింట పెద్దల యభిప్రాయము. ఆ సంగతులు పైకి చెప్పుకొనకపోవుటచేతనే తల్లులు పడరాని పాట్లు పడుచున్నారని నా యభిప్రాయము. కావున నా యనుభవము నొకదానిని, కొంత సిగ్గుతోను కొంత పశ్చాత్తాపముతోను, సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

2015వ సంవత్సరము వేసవిలో, నాకు 32వ వారము నడుచుచుండగా, రక్తపుపోటు మితిమీరుటచే వైద్యులు శస్త్రచికిత్స చేసి బిడ్డను బయటికి దీసిరి. ఆడుబిడ్డ, తూకము 1,400 గ్రాములు. నాకు చూపకయే నర్సు గుడ్డలో చుట్టి కొనిపోయెను. బిడ్డ యేడ్చెనో లేదో నేటికిని నిశ్చయముగా చెప్పజాలను. "పెట్టెలో పెట్టారు" అని మాత్రము మా వారు చెప్పిరి.

మూడవనాడు చక్రముల కుర్చీలో నన్ను గాజుతలుపు దాక తీసికొనిపోయిరి. ఆ వైద్యశాల నిబంధన ప్రకారము తల్లికి ఉదయము పది నిముషములు, సాయంకాలము పది నిముషములు దర్శనము, తాకుట నిషిద్ధము. లోపల వరుసగా ఎనిమిది పడకలు. మూడవదానిలో నాది. ముక్కున నొక గొట్టము, నోట నొక గొట్టము, పాదమున నెఱ్ఱని చిన్న దీపము. నేను బిడ్డను చూచుటకంటె యంత్రముపై నంకెలనే యెక్కువగా చూచితిని. అంకె తగ్గి యంత్రము కూసినప్పుడెల్ల నా ఊపిరి నిలిచిపోయెడిది. గర్భగుడి ముందు నిలిచినదానివలె చేతులు కట్టుకొని నిలిచి, సమయమైనదని చెప్పగా వెనుదిరిగితిని. కన్నతల్లినో, చూడవచ్చిన చుట్టమునో నాకే తెలియలేదు.

పరామర్శకు వచ్చినవారు ఊరకుండలేదు. "గ్రహణం నాడు బయట తిరిగావా? బొప్పాయి తిన్నావా? బిందె లెత్తావా?" అని ప్రశ్నలు. మా అత్తగారు చెడ్డమనిషి కారు, అయినను, "ఏడో నెల పిల్లలు బతుకుతారు గాని ఎనిమిదో నెల పిల్ల దక్కదంటారమ్మా. మనసు దిటవు చేసుకో" అని కన్నీరు పెట్టుకొనిరి. పట్టము పుచ్చుకొన్న నేను రాత్రియంతయు మేల్కొని, ఏ దినమున నేమి తింటినో, ఏ బిందె నెత్తితినో లెక్క వేసికొనుచుంటిని. ఈ నమ్మకము మన యొక్కరిదే కాదు. పూర్వకాలపు గ్రీకు వైద్యులును దీనిని గ్రంథస్థము చేసిరి. నిజమేమనగా, గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఎనిమిదవ నెల బిడ్డ ఏడవ నెల బిడ్డకంటె గట్టిది. ఈ చిన్నమాట నాకా రాత్రి చెప్పినవారు లేరు.

నాలుగవనాడు రాత్రిపని నర్సు నా మంచముకడ కూర్చుండి, చేతితో పాలు పిండుట నేర్పెను. అరగంట శ్రమకు ఉగ్గుగిన్నె యడుగున రెండు మిల్లీలీటర్లు. అవి చూచి నాకు దుఃఖము వచ్చెను. "ఇది పాలు కాదమ్మా, మందు. మూడు గంటలకోసారి ఇవ్వు చాలు" అనెను. మా పెద్దలు ముఱ్ఱుపాలు పిండి పారబోయుట యెఱుగుదురు గాని, గొట్టము గుండ పసికందు కడుపులోనికి పోవుట యెఱుగరు. పీల్చుట, మ్రింగుట, ఊపిరి తీయుట, ఈ మూడును కలసివచ్చుటకు బిడ్డకు సుమారు 34 వారములు నిండవలెనట. అంతవఱకును గొట్టమో ఉగ్గుగిన్నెయో ఆధారము. ఆ రెండు చుక్కలు లోనికి పంపిననాడే నేను తల్లినైతిని.

పక్క మంచముమీద పల్లెనుండి వచ్చిన కూలిపిల్ల యొకతె యుండెను. వయస్సు ఇరువది దాటియుండదు. కుట్లు చీముపట్టి లేవలేకుండెను. "అక్కా, నువ్వు లోనకి పోయినప్పుడు మా వోణ్ని గూడా చూసి రా. గోడ పక్కన మంచమంట" అని వేడుకొనెడిది. తన పాలును ఉగ్గుగిన్నెలో పిండి నా చేతికిచ్చెడిది. నేను చూచివచ్చి, వాడు ఆవులించెనని, చేయి కదల్చెనని చెప్పుచుంటిని. ఒక ఉదయము గోడపక్క పడకపై క్రొత్త దుప్పటి పరచియుండెను. తలుపు వెలుపల ఆ పిల్ల తల్లి నా చేతులు పట్టుకొని, "బాలింతరాలు, ఇప్పుడు చెబితే పిచ్చిదైపోద్ది. చెప్పబాకమ్మా" అని యేడ్చెను. నేను తిరిగివచ్చితిని. ఆమె యడిగెను. "నిద్రపోతున్నాడు" అంటిని.

రెండు దినములు ఆమె పాలు పంపెను. రెండు దినములు నేనా పాలు తీసికొనిపోయి తొట్టిలో పారబోసితిని. మూడవనాడు నిజము తెలిసినప్పుడు ఆమె కేకలు వేయలేదు. నా వంక తిరిగి, "నా పాలేం చేశావక్కా?" అని మాత్ర మడిగెను. నేను జవాబు చెప్పలేదు.

బాలింత దుఃఖము వినలేదని మన మందుము. కాని ఆమె బిడ్డను కడసారి యెత్తుకొనలేదు. వాని మొగము చూడలేదు. ఆ హక్కును దయ పేరిట హరించినవారిలో నేనొకతెను.

తల్లిని దూరముంచుట బిడ్డ క్షేమమునకే యని అనేక సంవత్సరములు వైద్యులు నమ్మిరి. సూక్ష్మజీవుల భయము నిజమైనదే. కాని 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, పెట్టెలు చాలక ఒక్కదానిలో ఇద్దరు ముగ్గురు శిశువుల నుంచవలసివచ్చినప్పుడు, ఎడ్గార్ రే అను వైద్యుడు పసికందులను తల్లుల వక్షమునకే నిలువుగా కట్టించెను. కంగారు తన పిల్లను సంచిలో మోయునట్లుండుటచే దానికాపేరు వచ్చినది. ఇటీవల, 2021లో ప్రకటితమైన పరిశోధనమున, మన దేశమునను నాలుగు ఆఫ్రికా దేశములలోను, కిలోగ్రామునకు మించి 1,800 గ్రాములకు లోపడిన మూడువేలమందికి పైగా శిశువులను పరీక్షించిరి. స్థిమితపడువఱకు తల్లికి దూరముగ నుంచిన శిశువులలో 28 దినములలోపల నూటికి 15.7 మంది చనిపోగా, పుట్టిన తోడనే తల్లి రొమ్మున నుంచినవారిలో 12 మందియే చనిపోయిరి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందు పాల్గొన్నది. అచట చికిత్సాగదిలోనే తల్లులకు మంచములు వేసిరి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఈ పద్ధతినే సిఫారసు చేసినది. తల్లి చుట్టము కాదు, చికిత్సలో భాగమని తేలినది.

నా బిడ్డ పదునాలుగవనాడు నా రొమ్మున కెక్కెను. అదియు క్రొత్తగా వచ్చిన యొక వైద్యురాలి పట్టుదలచేత. తలకు టోపీ, నడుమునకు గుడ్డ, తక్కినదంతయు నా చర్మమే దానికి దుప్పటి. గంటలోపల దాని చల్లని పాదములు వెచ్చబడెను. తరువాత నేను అలసియుండగా మా అత్తగారు చేతులు మోచేతులదాక కడుగుకొని, "కాసేపు నాకియ్యి" అని తాము కట్టుకొనిరి. ఎనిమిదవ నెల మాట మఱి యెత్తలేదు. 36 దినములకు ఇల్లు చేరితిమి. ఇప్పుడా పిల్ల బడికి పరుగెత్తుచున్నది.

చదువరులారా! మీ యింట నిట్టి పురుడు సంభవించినప్పుడు తప్పెవరిదని తల్లి నడుగకుడు. లోనికి పోనిమ్మని వైద్యుల నడుగుడు. ఎందులకు పోనీయరో కారణ మడుగుడు. మేలైనను కీడైనను నిజము తల్లికే మొదట చెప్పుడు, చెప్పి ఆమె చేయి విడువకుడు.

ఆ కూలిపిల్ల యిల్లు చేరుటకుముందు నేనామెను క్షమాపణ వేడలేదు. ఊరు పేరైన నడిగియుంచుకొనలేదు. నా బిడ్డ పుట్టినరోజు వచ్చినప్పుడెల్ల ఆమె ప్రశ్న నాకు వినబడుచుండును. దానికి జవాబుగా నిది వ్రాసితిని.