పగ్సన్‌హాన్‌ను నిలబెట్టింది జలపాతమేనా?

ఫిలిప్పీన్స్‌లో లగూనా రాష్ట్రపు చిన్న పట్టణం పగ్సన్‌హాన్ పేరెత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది జలపాతం. తీరా చూస్తే ఆ జలపాతం ఉన్నది పొరుగున ఉన్న కవింతి పరిధిలో! ఈ ఊరిని ఊరుగా నిలబెట్టింది వేరే నీళ్ళు. బాలనాక్, బుంబుంగన్ నదులు ఇక్కడే కలుస్తాయి. ఆ ప్రవాహం లగూనా దే బే సరస్సులో పడుతుంది, సరస్సు నుంచి పాసిగ్ నది మీదుగా మనీలా దాకా పడవదారి ఉంది. బండిబాటలు అంతంతమాత్రమైన రోజుల్లో, కొండసరుకు పడవకెక్కే చోట వర్తకులు చేరడంలో వింతేముంది? 1688లో స్పానిష్ ప్రభుత్వం రాష్ట్ర రాజధానిని ఇక్కడికే తెచ్చింది.

నదులే అంత గొప్పవైతే 1858లో రాజధాని శాంతా క్రూజ్‌కు ఎందుకు తరలిపోయిందని అడగవచ్చు. శాంతా క్రూజ్ సరస్సు ఒడ్డునే ఉంది కదా, అధికారం నీటిని వదిలిపోలేదు, కాస్త దిగువకు జరిగిందంతే. ఇప్పుడు ఊరికి తిండి పెడుతున్నది పర్యాటకమే కదా అన్న మాట మరింత బలమైనది, కాదనలేం. కానీ ఆ పర్యాటకం నడిచే తీరు చూడండి. సన్నటి పడవకు ముందొకరు, వెనకొకరు. ఎదురు ప్రవాహంలో రాళ్ళ మధ్య ఇరుక్కున్నచోట వాళ్ళు నీళ్ళలోకి దూకి, బండలకు కాలు తన్నిపెట్టి పడవను పైకి నెడతారు. చూడవచ్చినవాళ్ళు కూర్చునే ఉంటారనుకోండి! కవింతి వైపు నుంచి కాలిబాటన కూడా జలపాతానికి దిగవచ్చు. పడవ మీద వెళ్ళాలంటే మాత్రం పగ్సన్‌హాన్ రేవుకే రావాలి.