ఓడలో చివరి దినము



"ఈ రాత్రికి విశాఖపట్నం దీపస్తంభము కనబడుతుంది" అని టిఫిను కూపన్లు తీసుకొనే మనిషి చెప్పగానే మా ఇంటావిడ బట్టలు సర్దడము మొదలుపెట్టింది. రాత్రికి కదా, ఇప్పటినుండి ఎందుకని అంటే, "మూడు రోజులై ఈ ఇనుప మంచము మీదే కూర్చున్నాను. సర్దుకొంటూ ఉంటేనైనా ఇల్లు దగ్గరపడినట్టుంటుంది" అన్నది. పిల్లలు మాత్రము ఏడుపు ముఖములు పెట్టారు. వారికి ఓడ దిగడము ఇష్టము లేదు.

ఇది 2014వ సంవత్సరము మే నెల సంగతి. అండమాను దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయపురము అని పేరు మార్చారు) జంగ్లీఘాట్ అనే పేట ఉంది. శ్రీకాకుళము, విశాఖ తీరముల నుండి చేపల వేటకు వెళ్లి స్థిరపడిన మన తెలుగువారు అక్కడ చాలామంది ఉన్నారు. మా సంఘములో బాప్తిస్మము పొంది అక్కడికి వెళ్లిన రెండు కుటుంబములవారు వేసవి కూడికలకు రమ్మని పిలిచి, పిల్లలతో సహా అందరికీ ఓడ టిక్కెట్లు వారే కొన్నారు. మూడు వారములు ఉన్నాము. ఉదయము గృహ దర్శనములు, మధ్యాహ్నము స్త్రీల కూడిక, సాయంత్రము బహిరంగ సభ. పిల్లలు సెల్యులార్ జైలు చూచి వచ్చారు గాని విశ్వాసుల పిల్లలతో వెళ్లి చూచారు. చుట్టూ సముద్రము ఉన్న ఊరిలో మూడు వారములుండి, ఒక్క సాయంత్రమైనా మేము వారిని ఒడ్డుకు తీసుకొని వెళ్లలేదు. పరిచర్య మీదనే వచ్చాము కదా అని మాకు మేము చెప్పుకొన్నాము.

తిరుగు ప్రయాణము సుమారు 1,200 కిలోమీటర్లు. సోమవారము మధ్యాహ్నము హడ్డో రేవులో ఎక్కితే బుధవారము రాత్రికి విశాఖ. మాది బంకు తరగతి. అంటే ఓడ కడుపులో, రైలు పెట్టెలో బెర్తుల వలె, ఒకదానిపై ఒకటి ఇనుప మంచములు వరుసలు వరుసలుగా వేసిన పెద్ద హాలు. ఇంజను చప్పుడు పగలు రాత్రి తలక్రిందనే ఉన్నట్టుంటుంది. అన్నము వేళకు మైకులో పిలుస్తారు. కూపను, కంచము పట్టుకొని వరుసలో నిలబడాలి. మొదటి రాత్రి ఓడ ఊగడము మొదలయ్యేసరికి ఎక్కడివారు అక్కడే పడిపోయాము. మా ఇంట్లో వాంతి చేసుకోనిది ఐదేళ్ల చిన్నోడు ఒక్కడే. వాడు మా అందరికీ నిమ్మకాయ ముక్కలు అందించాడు.

రెండవ దినము కడుపులు కుదుటపడ్డాయి. చేయడానికి ఏ పనీ లేదు. సెల్‌ఫోను పలకదు, తలుపు తట్టేవారు లేరు, రోగిని చూడ రమ్మని కబురు రాదు. మేము డెక్కు మీద పిల్లలకు నోవహు కథ చెప్పాము. తొక్కుడు బిళ్ల గీత గీచి ఆడాము. పెద్దమ్మాయి తొమ్మిదేళ్లది, దాని జడ మేము వేయబోతే అది గాలికి విడిపోయి అందరూ నవ్వారు. ఆ రాత్రి అది వాళ్లమ్మతో గుసగుసగా అన్న మాట పై బంకులో ఉన్న మాకు వినబడింది. "అమ్మా, ఓడలో ఐతే నాన్నను ఎవరూ పిలవరు కదూ?"

ఆ మాట విని మేము సంతోషించాము. అందులో సంతోషించదగినది కానిది కూడా ఉన్నదని అప్పుడు తోచలేదు.

చివరి దినము ఉదయము పది గంటలకు, ఓడలో ఉన్న తెలుగు విశ్వాసులు కొందరు వచ్చి, "అయ్యగారూ, క్షేమముగా తీసుకొచ్చిన దేవునికి స్తుతులు చెల్లించుకొందాము. ఒక వాక్యము చెప్పండి" అన్నారు. కాదంటామా? పై డెక్కు మీద తాడు చుట్టల ప్రక్కన ముప్పై మంది వరకు కూర్చున్నారు. కీర్తన పాడుతుంటే వేరేవారు కూడా వచ్చి చేరారు. మేము అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తీశాము. ఓడలో నిలబడి పౌలు ఓడ ప్రయాణము చెప్పే అవకాశము ఏ బోధకునికి ఎన్నిసార్లు దొరుకుతుంది? పదునాలుగవ రాత్రి నావికులు తాడు వేసి లోతు కొలవడము, ఓడలో ఉన్న 276 మందిలో ఒక్కరైనా నశించకుండా ఒడ్డు చేరడము, అన్నీ విడమరచి చెప్పాము. గాలి ఎదురు కొట్టినా గొంతు బాగా పలికింది. బాగా చెబుతున్నామన్న తృప్తి ఎప్పుడు లోపల ప్రవేశించినదో, చెప్పే మనిషికి తెలుస్తుంది. మాకు తెలిసింది.

మధ్యలో ఓడ మైకు హిందీలో ఏదో చెప్పడము మొదలుపెట్టింది. గరగరమని ఒకసారి, కాసేపాగి మరొకసారి. అన్నము వేళ కూడా కాదే, ఈ వేళలో ఏమిటని మేము గొంతు పెంచాము. మైకు ఓడిపోయింది.

ముగింపు ప్రార్థన అయి, అందరూ చేతులు కలుపుతూ ఉండగా మా ఇంటావిడ క్రింది నుండి మెట్లెక్కి వచ్చింది. సంచులు సర్ది, చంటిదానికి స్నానము చేయించి వచ్చానని చెప్పి, చుట్టూ చూచి, "చిన్నోడేడీ?" అన్నది.

"నీ దగ్గర లేడా?"

"మీతో కదా పైకి వచ్చాడు?"

బాలుడైన యేసును యెరూషలేములో విడిచి, యోసేపు మరియలు ఒక దినము ప్రయాణము సాగిపోయిన భాగము మీద అంతకు ముందు మేము చాలా పర్యాయములు ప్రసంగించి ఉన్నాము. పన్నెండేళ్ల బిడ్డ వెంట ఉన్నాడో లేడో చూడని తల్లిదండ్రులని గట్టిగానే మాట్లాడేవారము. గుంపులో ఎవరితోనో ఉన్నాడులే అనుకోవడము ఎంత సులువో మాకు తెలియదు.

ఓడ అంచు చుట్టూ ఇనుప కమ్మీలు ఉంటాయి. మూడు రోజులుగా వాటిని ఆనుకొనే నిలబడ్డాము గాని, ఒక కమ్మీకి మరొక కమ్మీకి నడుమ ఎంత ఖాళీ ఉన్నదో కొలవలేదు. అప్పుడు కొలిచాము. ఐదేళ్ల పిల్లవాడు పడుతాడు. క్రింద నీళ్లు సిరా వలె నల్లగా, నురుగుతో వెనక్కు పరుగెత్తుతున్నాయి. మా ఇంటావిడ ఒక వైపు, మేము ఒక వైపు. స్నానపు గదులు, వంటశాల వెనుక, ప్రాణరక్షక పడవల క్రింద అంతా చూచాము. బిడ్డ పేరు పెట్టి పిలుస్తుంటే గాలి ఆ పేరును నోటి దగ్గరే లాక్కొనిపోయింది. ప్రార్థన చేశారా అని తరువాత కొందరు అడిగారు. సత్యము చెప్పాలంటే, "ప్రభువా" అన్న ఒక్క మాట తప్ప మరేమీ రాలేదు.

అప్పుడు పెద్దమ్మాయి మా ముందుకు వచ్చి నిలబడి చెప్పింది. "నాన్నా, నువ్వు వాక్యము చెప్పేటప్పుడు వాడు వచ్చి నీ చొక్కా లాగాడు. రెండు సార్లు లాగాడు. నువ్వు చెయ్యి విదిలించావు. అప్పుడు వెళ్లిపోయాడు."

మాకు చొక్కా లాగినట్టే గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు రాదు.

కూడికలో కూర్చున్న ఒక ముసలమ్మ అప్పుడే, "అయ్యగారూ, ఇందాక మైకులో ఎవరో పిల్లోడి గురించి అన్నట్టుంది. వాక్యము జరుగుతుంది కదా అని నేను సరిగా వినలేదు" అన్నది. ఒక కళాసీని పట్టుకొని అడిగాము. అతడు మమ్మును ఎగాదిగా చూచి, ఎర్ర చొక్కా పిల్లవాడా, రెండు సార్లు చెప్పాము కదా అని హిందీలో అని, వెనుక వైపు మెట్లు చూపించాడు. మేము ఎవరి మీద గొంతు పెంచి గెలిచామో అప్పుడు అర్థమైంది.

ఆ మెట్లు దిగితే మా హాలు వంటిదే మరొక హాలు. కడపటి వరుసలో ఒక నికోబారు పెద్దాయన మంచము మీద కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. ఆయన తొడ మీద తల పెట్టుకొని మా చిన్నోడు నిద్రపోతున్నాడు. నోటి చుట్టూ బిస్కెట్టు పొడి ఉంది. మా ఇంటావిడ నేల మీదనే కూలబడి వాని పాదము పట్టుకొని ఏడ్చింది. ఆయన వేలు పెదవి మీద పెట్టి, లేపవద్దని సైగ చేశాడు.

మాకు వచ్చిన కొద్ది హిందీతో మాట్లాడాము. పిల్లవాడు మెట్ల మీద ఏడుస్తుంటే చూచాడట. పేరు అడిగితే వాడు చెప్పినది ఆయనకు అర్థము కాలేదు. తన మోకాళ్లు బాగుండక పైకి ఎక్కలేక కళాసీతో కబురు చెప్పి పంపాడట. విశాఖలో నావికాదళములో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్తున్నాడు. మేము పాస్టరునని చెప్పగానే ముఖము వికసించింది. కార్ నికోబార్ దీవివాడు. నికోబారు భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌గారి చేతి ఆశీర్వాదము చిన్నతనములో పొందినవాడట. ఆ బిషప్‌గారు 1952లో మన మొదటి లోక్‌సభలో కూడా కూర్చున్నారు. ఆయన మాట చెప్పుకొంటూ కొంతసేపు సంతోషముగా గడిపాము.

మీకు ఎందరు పిల్లలని మా ఇంటావిడ అడిగింది. విశాఖలో ఉన్న కొడుకు ఒకడని చెప్పి ఆయన ఆగాడు. తరువాత కుడి చేయి నేలకు ఎత్తుగా పట్టి ఒక కొలత చూపించాడు. దానికంటె కొంచెము పైన మరొక కొలత చూపించాడు. "ఛబ్బీస్ దిసంబర్" అన్నాడు. అంతే. 2004వ సంవత్సరము, క్రిస్మసు మరునాడు, ఆదివారము ఉదయము, సునామీ. ఆ దీవిలో ఎన్ని ఇండ్లు పోయినవో అప్పట్లో అందరము పత్రికలలో చదివినవారమే. మేము చందా పోగుచేసి పంపాము కూడా. ఆ రెండు కొలతలు మాత్రము అప్పుడు ఎవరూ చూపించలేదు.

మేము ప్రార్థన చేయమంటారా అని అడగబోయి, ఎందుకో, మీరు మా కొరకు చేయండి అని అడిగాము. ఆయన తన భాషలో చేశాడు. ఒక్క ముక్క అర్థము కాలేదు. చేసినంతసేపు ఆయన చేయి చిన్నోని తల మీదనే ఉంది.

సాయంత్రానికి నీళ్లు పచ్చబడ్డాయి. చీకటి పడ్డాక డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపము కనబడింది. వెలిగి ఆరి, వెలిగి ఆరి. ఓడ అంతా కేకలు వేసింది. తెల్లవారితే గాని రేవులోనికి వెళ్లదని, బయటనే లంగరు వేశారు. ఇంజను చప్పుడు తగ్గేసరికి మూడు రోజుల తరువాత మా మాటలు మాకే పెద్దగా వినబడ్డాయి. మా ఇంటావిడ తన పాత చీర అంచు చింపి, ఒక కొస చిన్నోని మణికట్టుకు కట్టి, రెండవ కొస తన చేతికి కట్టుకోబోయింది. మా చేతికి కట్టమన్నాము. ఆమె ఏమీ అనకుండా కట్టింది. ముడి కొంచెము బిగువుగానే కట్టింది.

తెల్లవారుజామున వాడు లేచి కదిలితే మాకు మెలకువ వచ్చింది. ఇద్దరము ఆ పేలికతోనే పైకి వెళ్లాము. పైలటు పడవ వచ్చి ఓడను ఆనుకొన్నది. కొండ ప్రక్కగా సన్నని కాలువలోనికి ఓడ మెల్లగా మళ్లింది. అప్పుడు అడిగాము, "నిన్న చొక్కా ఎందుకు లాగావురా?" అని. మందలిస్తామనుకొన్నాడు కాబోలు, చాలాసేపు పలకలేదు.

"ఎగిరే చేప నాన్నా. నీళ్లలోంచి లేచి ఎంత దూరమో ఎగిరింది. నీకు చూపిద్దామని."

"మళ్లీ కనబడుతుందేమో చూద్దాము" అని కమ్మీల దగ్గర వాని ప్రక్కన కూర్చున్నాము. రేవులో చేపలు ఎగురవని మాకు తెలుసు. క్రింద విశ్వాసులు సంచులు పట్టుకొని మా కొరకు పిలుస్తున్నారు. ఓడను తాళ్లతో గట్టుకు కట్టేవరకు ఇద్దరము ఆ నీళ్లనే చూస్తూ ఉన్నాము.