తొండకు పోగా మిగిలినవి

తొలకరి పడిందంటే మా ఇంట్లో గుడ్ల గంప చల్లని మూలకు చేరేది. ఆ మూలకు పొయ్యి పొగ తగలనిచ్చేవారు కాదు. మా అమ్మ రోజూ పొద్దు పొడవకముందే మూత తీసి చూసేది. తల్లి పురుగు గుడ్లు పెట్టిన ఎనిమిదో తొమ్మిదో రోజుకు అవి పగిలి, వడ్లగింజంత పురుగులు బయటికొచ్చేవి. వాటి మొదటి తిండి ఆకు కాదు, తాము పుట్టిన గుడ్డు పెంకే. తర్వాత వాటిని మోదుగాకు దొప్పల్లోకి ఎత్తి, అడవిలో నల్లమద్ది కొమ్మలకు కట్టేవాళ్లం. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో దసలి పట్టు పెంచే ఇళ్లన్నిటికీ ఇది తెలిసిన పనే.

అక్కడి నుంచి కాపలా పిల్లలది. పురుగు నాలుగు జ్వరాలు దాటి గూడు కట్టేదాకా నెల పైనే పడుతుంది. కాకులు, చీమలు, కందిరీగలు అన్నీ దానికి శత్రువులే. అన్నిటికంటే మాకు కోపం తొండ మీద. బెరడులో బెరడులా అతుక్కుని కళ్లు మాత్రమే తిప్పుతుంది. గులేరు ఎక్కుపెట్టేలోపు పురుగు దాని నోట్లో ఉంటుంది. "దానికీ కడుపుంది గద బిడ్డా" అని మా నాయన నవ్వేవాడు. ఆ కాపలాలోనే మాలో ఇద్దరికి ఒక తరగతి పోయింది. ఆ సంగతి ఆయన నవ్వుతూ చెప్పేవాడు కాదు.

ఇప్పుడు బడిలో హాజరు వేసేది మేమే. వానాకాలం బడి మొదలవడం, పురుగు చెట్టెక్కడం ఒకేసారి. పోయినేడు ఐదో తరగతి పిల్లాడొకడు ఇరవై రోజులు రాలేదు. మందలిద్దామని ఇంటికి పోతే వాళ్లమ్మ అడిగింది: "సారూ, మీ ఇంట్ల కాయలు ఎవరు కాసిండ్రు?" మా దగ్గర జవాబు లేదు.

మద్ది చెట్టు కింద ఆ పిల్లాడు మాకు పాఠం చెప్పాడు. ఏ పురుగు జ్వరానికి పోతోందో, ఏది లేచిందో చూపించాడు. కొన్నింటి ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల మచ్చలున్నాయి. అవి ఆకు ముట్టడం లేదు. ఆ ఏడు వాళ్లు గుడ్లు బయట కొనలేదు, ఇంటి కాయల నుంచే తీసుకున్నారు. ఈ రోగం తల్లి నుంచి గుడ్డులోకి వస్తుంది. ఒక తల్లి రెండొందల దాకా గుడ్లు పెడుతుంది, కాబట్టి ఒక్క రోగిష్టి తల్లి ఎంత పంట తింటుందో లెక్క వేసుకోవచ్చు. తొండ తినేది దీని ముందు ఏపాటి?

1865లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ ఇలాంటి రోగం మీదే పనికి దిగాడు. గుడ్లు పెట్టిన తల్లిని నలిపి, ఆ రసాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, రోగమున్న తల్లి గుడ్లు పారేయమన్నాడు. గుడ్ల కేంద్రాల్లో నేటికీ చేసేది అదే. మా బడి బీరువాలో సూక్ష్మదర్శిని ఒకటి పెట్టెలోనే ఉంది. సిగ్గుపడి దాన్ని బయటికి తీశాం.

పిల్లాడు పది పురుగులు బడికి తెచ్చాడు. నీళ్ల కుండలో మద్ది కొమ్మ పెట్టి కిటికీ దగ్గర పెంచాం. మూడోనాడే ఒక తొండ దూరి రెండింటిని మింగింది. కొన్ని దేశాల్లో ఇంట్లో సాకే తొండజాతి జీవులకు మేతగానే మల్బరీ పట్టుపురుగుల్ని గుడ్ల నుంచి పొదిగించి పెంచుతారని చెప్పాం. పిల్లలు నమ్మలేదు. "మరి కాయలు ఎట్లొస్తయి సారూ?" అన్నారు.

మా ఎనిమిదింటిలో ఐదు గూళ్లు కట్టాయి. అడవిలో ఆ ఇంటికి సగం పంట కూడా దక్కలేదు.

ఈ తొలకరికి పరీక్ష చేసిన గుడ్లే తెస్తామని గూడెంలో మాటయింది. పిల్లలు బడి మానకుండా పెద్దలే కాపలాకు వంతులు వేసుకుందామన్నాం. మూడిళ్ల వాళ్లు ఒప్పుకున్నారు. ఆ పిల్లాడి తాత మాత్రం ఇంకా ఊ అనలేదు. ముసలి కళ్లకు తొండ కనబడదట.