కొండవెలగాడలో కర్రతో మొదలు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ దాకా పోవాలంటే దారి అడగక్కర్లేదు. "వెయిట్‌లిఫ్టింగు వూరికా బాబూ?" అని ఆటో అతనే అడిగాడు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఈ ఊరే. బరువులెత్తి రైల్వేలోనో, సైన్యంలోనో కొలువు సంపాదించుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు.

ఇనప చప్పుళ్లతో హోరెత్తిపోతుందనుకున్నాను. సాయంత్రం సాధన మొదలై చాలాసేపైనా చిన్నపిల్లల చేతుల్లో ఉన్నవి ఉత్త కర్రలే. నేల మీంచి కర్రను ఒంటికి ఆనించుకుంటూ లేపడం, ఒక్క ఊపులో తల మీదికి తీసుకెళ్లి దాని కిందికి కూర్చోవడం, లేచి నిలబడటం. స్నాచ్ అంటే ఇదే. ఒక పాప నడుం వంగింది. "మల్లీ," అన్నారు మాస్టారు. మళ్లీ వంగింది. "మల్లీ."

"నానెప్పుడు రాడ్డు పట్టుకుంతాను మాస్టారూ?" అందా పిల్ల.

"కర్ర వంకర పోనినాడు."

ఆడవాళ్ల పోటీ రాడ్డు ఒక్కటే, బిళ్లలేవీ ఎక్కించకుండానే, 15 కిలోలు. మగవాళ్లది 20. తప్పుడు ఒడుపు ఒంటికి అలవాటయ్యాక బరువు పెంచితే ఆ తప్పే బలపడుతుంది. అందుకే కర్ర.

పెద్ద కుర్రాళ్లతో తంటా వేరు. వాళ్లకు క్లీన్ అండ్ జర్క్ అంటేనే మోజు. రెండు అంచెల్లో లేపుతారు కనక ఎక్కువ కిలోలు లేస్తాయి, చెప్పుకోవడానికీ బాగుంటుంది. మాస్టారు మాత్రం స్నాచ్ వదలనివ్వరు. పోటీలో లెక్క రెండూ కలిపి మరి! స్నాచ్‌లో ఇచ్చే మూడు అవకాశాలూ పోగొట్టుకుంటే ఆ తర్వాత జర్క్ ఎంత ఎత్తినా మొత్తం లెక్క ఉండదు. పక్కనున్న శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 ఎత్తి మొత్తం 240 కిలోలతో కంచు తెచ్చారు. బంగారం, వెండి రెండూ పోయింది 242.5 దగ్గర. ఎత్తే మనిషికి రెండున్నర కిలోలంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

నేను చూసిన వాటిలో బాగా గుర్తున్నది ఒకటుంది. నిన్న తన రికార్డు తానే దాటిన కుర్రాడు ఇవాళ ఇంకో ఐదు కిలోలు ఎక్కించుకుంటున్నాడు. మాస్టారు వచ్చి ఒక్క మాటా అనకుండా బిళ్లలు ఊడదీసేశారు. "నిన్న ఎత్తినావు గదేటి? నేడు తేలిక స్క్వాట్లు సేసీ ఇంటికెల్లి తిని తొంగో." కుర్రాడి మొహం మాడిపోయింది. కానీ మాస్టారి లెక్కే సరైంది. కండ బలిసేది బరువు మోస్తున్నప్పుడు కాదు, మోసి విశ్రాంతి తీసుకున్నప్పుడు. కండకన్నా దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు మెల్లగా గట్టిపడుతుంది. రోజూ చేతనైనంతా ఎత్తేసేవాడికి ముందు దెబ్బ తినేది మోకాలో, భుజమో. ఆనక నెలల తరబడి గోడకానుకుని చూస్తూ కూర్చోవాల్సిందే. ఏ రోజు ఎంత ఆపాలో చెప్పగల గురువు దొరకడమే కష్టమని నాకనిపించింది. ఇంకా ఎత్తమనే వాళ్లు ఎక్కడైనా దొరుకుతారు.

ఈ నేలకు బలం మీద మోజు పాతదే. సర్కసు బలశాలిగా పేరుపొందిన కోడి రామమూర్తి ముందు విజయనగరంలో వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడు. సర్కసు ఆ తర్వాతి మాట. జనం ఆయన గొలుసులు తెంచడాన్నే చెప్పుకుంటారు, వ్యాయామం సంగతి ఎవరికీ పట్టదు. సాధన వదిలి బలానికి అడ్డదారి తొక్కితే ఏమవుతుందో గ్లాస్గోలోనే తేలింది. సంతోషి ముందు మూడో స్థానంలోనే నిలిచింది. మొదట వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగు పరీక్షలో దొరికిపోవడంతో సంతోషి కంచు వెండి అయింది.

వేసవి సెలవుల్లో రెండు నెలలు పంపితే పిల్లవాడు ఆటగాడైపోతాడనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. ఆ రెండు నెలలూ ఇక్కడ కర్రకే సరిపోతాయి. బడి తెరిచాక కూడా పంపగలమనుకుంటేనే తీసుకురండి.