చేదంతా మందు కాదు

"చేదు తింటే షుగరు తగ్గుతుంది" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. కాకరకాయ తినండి, వేపాకు నమలండి, నాకు అభ్యంతరం లేదు. వేసుకునే మాత్రలు మానకుండా ఉంటే చాలు. కాని చేప చేదుకట్టు జోలికి మాత్రం పోకండి. ఎందుకో చెబుతాను.

1996లో, నేను ప్రభుత్వ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనున్న మాణికేశ్వర్ నగర్ నుంచి ఒక తాపీమేస్త్రీని తీసుకువచ్చారు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. రెండోరోజుకు కళ్ళు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో ఎస్‌.జి.పి.టి. 1,000 దాటింది. మామూలుగా అది సుమారు 40 లోపు ఉంటుంది. మంచినీళ్ళ వల్ల వచ్చిన కామెర్లని కేసుషీటు మీద రాసేశాను.

మూడోరోజున అతని భార్య, "నిన్నటి సంది ఒంటికి పోతలేడు సారూ" అన్నది. అప్పుడు గాని నాకు అడగవలసిన ప్రశ్న తోచలేదు. "రవ్వ చేప చేదుకట్టు పచ్చిగనే మింగిండు. షుగరు పోతదని ఎవరో చెప్పిన్రట" అన్నది.

రవ్వ అంటే రోహు. కోస్తాలో శీలావతి అంటారు. రవ్వ, బొచ్చె, గడ్డిచేప వంటి చేపల పైత్యరసంలో సైప్రినాల్ అనే విషపదార్థం ఉంటుంది. అది కాలేయాన్నీ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. కాలేయ కణాల్లో ఉండవలసిన ఎంజైములు, ఆ కణాలు చితికినప్పుడు రక్తంలోకి వచ్చేస్తాయి. ఎస్‌.జి.పి.టి. పెరగడమంటే అదే. కాలేయం దెబ్బతిన్నదని అది చెబుతుంది గాని, దెబ్బ కొట్టిందెవరో చెప్పదు. అది రోగిని అడిగి తెలుసుకోవాలి. నేను రెండురోజులు అడగలేదు.

ఈ విషానికి విరుగుడు లేదు. మూత్రపిండాలు కోలుకునేదాకా డయాలిసిస్‌తో నెట్టుకురావాలి. మేస్త్రీని పెద్దాసుపత్రికి పంపాము. మూడు వారాలకు లేచి తిరిగాడు. సకాలంలో వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

"ఉడికించి తింటే?" అని అడుగుతారేమో! ఉడికించినా, సారాలో కలిపినా ఈ విషం పోదు. చేప మాంసం మంచి ఆహారమే. మృగశిర కార్తెనాడు నిక్షేపంగా తినండి. శుభ్రం చేసేటప్పుడు చేదుకట్టు చిట్లకుండా తీసి పారేయండి.

ఎవరైనా మింగితే, వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఏం మింగారో, మూత్రం ఎంత వస్తున్నదో దాచకుండా చెప్పండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.