కాలువ పారితేనే కరెంటు

మంజీరా మీది నిజాంసాగర్‌కు జనం మామూలుగా గేట్లు ఎత్తినప్పుడే వెళ్తారు. నేను కావాలనే యాసంగిలో, ప్రధాన కాలువకు నీళ్లు వదిలాక వెళ్లాను. నేను చూడాలనుకున్నది కట్ట కింద కాలువ మొదట్లో ఉన్న చిన్న పవర్‌హౌస్‌ని.

కామారెడ్డి జిల్లాలోని ఈ రాతి ఆనకట్ట పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11నే తెలంగాణలో ఇంజినీర్ల దినంగా జరుపుతున్నారు. కట్ట మీద బండి పోయే దారి ఉంది గానీ నడిస్తేనే రాయి కనిపిస్తుంది. అతుకుల్లోంచి సున్నపు ఊట కారి గట్టిపడిపోయింది. గోటితో గీకితే తెల్లగా పొడి రాలింది.

పవర్‌హౌస్ 1950లలో వచ్చింది. రెండు యూనిట్లు, ఒక్కొక్కటి 5 మెగావాట్లు. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రం సామర్థ్యం 815 మెగావాట్లు. దాని పక్కన ఇది లెక్కలోకే రాదు. అనుమతి తీసుకుని లోపలికి వెళ్తే మాత్రం చిన్నదనిపించలేదు. కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది, మాట వినపడాలంటే చెవి దగ్గరికి వంగాల్సిందే. టర్బైన్ తిప్పి బయటపడ్డ నీరు కాసేపు నురగలు కక్కుతూ సుళ్లు తిరిగి, కాస్త దూరం పోయేసరికి ఏమీ ఎరగనట్టు కాలువైపోతుంది.

ఇక్కడ మిషన్లు ఎన్నాళ్లు తిరగాలో తేల్చేది వరి.

"పొలాలకు తడి ఇచ్చినప్పుడే ఇవి తిరుగుతయి సార్. కాలువ బందైతే ఇవీ బంద్," అన్నాడు వెంట వచ్చిన లస్కరు.

పొలానికి ఎలాగూ పోయే నీరే దారిలో ఇంకో పని చేసిపెడుతోంది. కరెంటు కోసమని విడిగా చుక్క ఖర్చు లేదు. పది మెగావాట్లేగా అని పెదవి విరిచేవాళ్లు ఈ పొదుపును చూడరు.

అసలు దిగులు పూడికతో. కట్టిన కొత్తలో 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయానికి ఇప్పుడు చెప్పే లెక్క 17.8. అదీ మధ్యలో నీటిమట్టం పెంచుకున్నాక. ఎగువన సింగూరు కట్టాక మంజీరాలో మొదటి గుక్క హైదరాబాద్‌దైంది. పైనుంచి నీరు రాకపోతే ఇక్కడ ముందు పంట దెబ్బతింటుంది, దాంతోపాటే టర్బైనూ ఆగుతుంది.

ఈ తడి తర్వాత ఇంకొకటి ఇస్తారా అని లస్కరును అడిగాను. పై నుంచి ఇంకా చెప్పలేదన్నాడు. పవర్‌హౌస్ వాళ్లూ ఆ కబురు కోసమే చూస్తున్నారట.